విశాఖలో న్యాయ పరిశోధన: పాత రిపోర్టులా, డేటాబేసులా, గెజిట్లా? మీ పనికి ఏది సరిపోతుంది

ఎల్‌ఎల్‌ఎం డిసర్టేషన్ టాపిక్ ఖరారైన వారానికే టెన్షన్ మొదలవుతుంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని అడిగితే సీనియర్లు తలో మాట చెప్తారు. "లాగిన్ ఉంది కదా, అందులో కొట్టు" అంటారు ఒకరు. "ముందు ఏఐఆర్ తియ్యి" అంటారు ఇంకొకరు, అంటే సుప్రీంకోర్టు, హైకోర్టుల తీర్పులు అచ్చయ్యే ఆల్ ఇండియా రిపోర్టర్ సంపుటాలు. గైడ్ దగ్గరికి వెళ్తే "గెజిట్ చూశావా?" అని అడుగుతారు, అంటే చట్టాలు, ఉత్తర్వులు వెలువడే ప్రభుత్వ అధికారిక పత్రిక. ముగ్గురి మాటా నిజమే. కాకపోతే ఒక్కొక్కరి మాట ఒక్కో రకం ప్రశ్నకు పనికొస్తుంది.

యూనివర్సిటీ లా లైబ్రరీలో పరిశోధనకు ఉపయోగపడే సేకరణలు ప్రధానంగా నాలుగు. బైండు చేసిన లా రిపోర్టులు, డబ్బు కట్టి తెప్పించుకునే డేటాబేసులు, గెజిట్లు-చర్చలు-కమిషన్ నివేదికల వంటి ప్రభుత్వ పత్రాలు, జర్నల్స్-థీసిస్‌లు. వీటికి ఇప్పుడు ఉచిత వెబ్‌సైట్లు తోడయ్యాయి. విశాఖలో చదువుకునేవారు, ప్రాక్టీసు చేసేవారు, ఏజెన్సీ భూముల సమస్యల మీద పనిచేసేవారు వీటిలో దేన్ని ముందు పట్టుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ ప్రశ్న ఏ సంవత్సరంలో పుట్టిందో చూసుకోండి. సేకరణను ఎంచుకోవడంలో సగం పని దాంతోనే అయిపోతుంది. 2010 తర్వాత పుట్టిన ప్రశ్నకు అరల మధ్య తిరగడం వృథా శ్రమ. 1917లో పుట్టిన ప్రశ్నను లాగిన్ ఒక్కదానితో తేల్చేద్దామనుకుంటే మాత్రం అసలు విషయమే చేజారిపోతుంది.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది కాలం. ఉత్తరాంధ్ర విషయంలో ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే మన మీద అధికారం ఉన్న హైకోర్టు పలుమార్లు మారింది. మద్రాసు నుంచి గుంటూరుకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు, 2019 జనవరి 1 నుంచి అమరావతికి వచ్చింది. కోర్టు మారినప్పుడల్లా తీర్పులు అచ్చయ్యే రిపోర్టు కూడా మారింది. పాత మద్రాసు తీర్పులు ఇప్పుడెందుకని కొట్టిపారేయకండి. 1954కు ముందు మద్రాస్ హైకోర్టు ఇచ్చిన తీర్పులకు తాను కట్టుబడి ఉండాలని ఆంధ్ర హైకోర్టు ఫుల్ బెంచ్ సుబ్బరాయుడు కేసులో చెప్పింది. అది ఏఐఆర్ 1955 ఆంధ్ర విభాగంలో ఉంది. ఎస్టేటు భూములు, ఇనాములు, చెరువు నీటి హక్కుల వివాదాల్లో ఆ తీర్పులు నేటికీ ప్రాణంతోనే ఉన్నాయి.

| వివాదం కాలం | మన ప్రాంతానికి పై కోర్టు | ముందు తీయాల్సిన రిపోర్టులు |
|---|---|---|
| 1862–1875 | మద్రాస్ హైకోర్టు, ఆపైన ప్రివీ కౌన్సిల్ (లండన్‌లోని ఆఖరి అపీలు కోర్టు) | మద్రాస్ హైకోర్ట్ రిపోర్ట్స్, మూర్స్ ఇండియన్ అపీల్స్ |
| 1876–1949 | పైవే. 1937 నుంచి ఫెడరల్ కోర్టు కూడా | ఇండియన్ లా రిపోర్ట్స్ (ఐఎల్‌ఆర్) మద్రాస్, మద్రాస్ లా జర్నల్ (ఎంఎల్‌జే, 1891 నుంచి), ఏఐఆర్ (1914 నుంచి), లా రిపోర్ట్స్ ఇండియన్ అపీల్స్ |
| 1950–1954 | మద్రాస్ హైకోర్టు, సుప్రీంకోర్టు | పైవాటితో పాటు సుప్రీంకోర్ట్ రిపోర్ట్స్ (ఎస్‌సీఆర్) |
| 1954–1956 | గుంటూరులో ఆంధ్ర హైకోర్టు | ఏఐఆర్ ఆంధ్ర, ఆంధ్ర వీక్లీ రిపోర్టర్ |
| 1956–2018 | హైదరాబాద్‌లో హైకోర్టు | ఏఐఆర్ ఏపీ, ఆంధ్ర లా టైమ్స్ (ఏఎల్‌టీ), ఆంధ్ర లీగల్ డెసిషన్స్ (ఏఎల్‌డీ). సుప్రీంకోర్టుకు 1969 నుంచి సుప్రీంకోర్ట్ కేసెస్ (ఎస్‌సీసీ) |
| 2019 నుంచి | అమరావతిలో ఏపీ హైకోర్టు | ఏఎల్‌టీ, ఏఎల్‌డీ, డేటాబేసులు |

ఏజెన్సీ ప్రాంతం సంగతి వేరు. 1839 నాటి 24వ నంబరు చట్టంతోనే గంజాం, విశాఖ కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కలెక్టరు చేతిలో, గవర్నరు ఏజెంటు హోదాలో పెట్టారు. ఆ కాలపు ఏజెన్సీ వివాదానికి హైకోర్టు రిపోర్టు దొరకకపోతే అది మీ వెతుకులాటలో లోపం కాకపోవచ్చు. అలాంటి వివాదానికి తీర్పుల అర కన్నా ప్రభుత్వ పత్రాల అరే దిక్కు.

రెండోది, మీరు రాసేది ఎవరి ముందు పెడతారన్నది. జడ్జి ముందు పెట్టేది ఒకటి, పరీక్షకుల ముందు పెట్టేది ఇంకొకటి, పత్రికలో వచ్చేది మరొకటి. కోర్టుకు తీర్పు పూర్తి పాఠం, నమ్మదగిన సైటేషన్ (తీర్పు ఏ రిపోర్టులో ఏ పేజీలో ఉందో చెప్పే గుర్తు) కావాలి. థీసిస్‌కు వాటితో పాటు ఆ చట్టం ఎందుకు వచ్చిందో చెప్పే ఆధారం కావాలి.

మూడోది, ఏం వెతుకుతున్నారో మీకు ముందే తెలుసా అన్నది. కేసు పేరు, సెక్షన్ నంబరు తెలిస్తే డేటాబేసుకు మించినది లేదు. ఇంకా ప్రశ్నే సరిగ్గా రూపు కట్టకపోతే అర ముందు నిలబడి డైజెస్టు (తీర్పుల సారాన్ని విషయాలవారీగా కూర్చిన సూచిక) తిరగేయడం మేలు. మీకు తెలియని తలకట్లు అక్కడ కంటపడతాయి.

నాలుగోది, ఆ తలుపు మీకు తెరుచుకుంటుందా అన్నది. దీని గురించి ఎవరూ ముందు ఆలోచించరు, తీరా గేటు దాకా వెళ్లాక గుర్తొస్తుంది.

బైండు చేసిన రిపోర్టులు

మన అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజులతో మొదలై దేశమంతటా షెడ్యూల్డ్ ప్రాంతాల చట్టాన్ని మలుపు తిప్పిన సమత కేసును అచ్చులో తీసి చూద్దాం. సైటేషన్ ఏఐఆర్ 1997 ఎస్‌సీ 3297. అంటే 1997 సంవత్సరం, సుప్రీంకోర్టు విభాగం, 3297వ పేజీ. అదే తీర్పు (1997) 8 ఎస్‌సీసీ 191లోనూ ఉంది, అంటే ఆ ఏడాది 8వ సంపుటం, 191వ పేజీ. రెండు సంపుటాలూ పక్కపక్కన పెట్టుకుంటే తీర్పు ఒకటే అయినా హెడ్‌నోట్లు (తీర్పు పైన సంపాదకులు రాసే సారాంశాలు) వేరుగా ఉంటాయి, పేరా నంబర్లు కూడా కలవవు. అందుకే ఏ రిపోర్టు చూసి రాశారో ఫుట్‌నోట్‌లో అదే ఇవ్వాలి. ఒక దాంట్లో చదివి మరోదాని సైటేషన్ పెడితే వైవాలో దొరికిపోతారు.

అచ్చులో చదవడం వల్ల ఇంకో మేలు ఉంది. సమతలో జస్టిస్ కె.రామస్వామి, జస్టిస్ సఘీర్ అహ్మద్ మెజారిటీగా గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవన్నారు. జస్టిస్ జి.బి.పట్నాయక్ వారితో విభేదించారు. తెర మీద చదివేవారు తాము వెతికిన పదం మెరిసిన పేరా దగ్గర ఆగిపోతారు, విభేదించిన తీర్పు దాకా వెళ్లరు. సంపుటం చేతిలో ఉంటే పేజీ తిప్పుతూ తిప్పుతూ అక్కడికి చేరుకుంటారు. పరిశోధనకు భిన్న తీర్పు చాలా అవసరం. ఎదుటి వాదన ఎంత బలంగా ఉండగలదో అక్కడే తెలుస్తుంది.

ఇబ్బందులూ తక్కువేం కాదు. పాత కాగితం పెళుసుబారి ఉంటుంది. సిరీస్ మధ్యలో ఒక సంపుటం కనిపించదు, అది బైండింగ్‌కు వెళ్లిందో పోయిందో రిజిస్టరు చూస్తే గానీ తెలియదు. రిఫరెన్స్ ముద్ర ఉన్నవాటిని ఇంటికి ఇవ్వరు. అన్నిటికన్నా పెద్ద లోపం వేరే ఉంది. 1997లో అచ్చయిన సంపుటం ఆ తీర్పుకు తర్వాత ఏమైందో చెప్పలేదు. 2001 డిసెంబరులో బాల్కో (భారత్ అల్యూమినియం కంపెనీ) కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు సభ్యుల ధర్మాసనం సమత మెజారిటీ తీర్పు సరైనదేనా అన్న దానిపై తమకు బలమైన సందేహాలున్నాయని రాసింది. అయితే ఆ కేసుకు వర్తించే మధ్యప్రదేశ్ చట్టం వేరు కాబట్టి సమత అక్కడ వర్తించదని చెప్పిందే గానీ దాన్ని కొట్టేయలేదు. ఏఐఆర్ 1997 ఒక్కటే చూసి చాప్టరు రాసినవారికి ఈ సంగతే తెలియదు.

డేటాబేసు వచ్చింది కదా అని పాత సంపుటాలను కట్టలు కట్టి మూలన పడేసే ధోరణి చాలా చోట్ల కనిపిస్తోంది. నాకు అది చూస్తే బాధేస్తుంది. డేటాబేసును మనం కొనుక్కోవడం లేదు, ఏటేటా అద్దెకు తీసుకుంటున్నాం. బడ్జెట్ రాని ఏడాది లాగిన్ ఆగిపోతుంది. ఐఎల్‌ఆర్ మద్రాస్ మాత్రం అరలోనే ఉంటుంది.

డేటాబేసులు

ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర మన దేశపు తీర్పులకు. హైన్‌ఆన్‌లైన్, వెస్ట్‌లా, లెక్సిస్ విదేశీ జర్నళ్లు, తీర్పులకు. వీటి అసలు బలం వేగంలో కన్నా తీర్పుకు ఆ తర్వాత పట్టిన గతిని చూపడంలో ఉంది. ఒక తీర్పును ఎవరు అనుసరించారు, ఎవరు పక్కన పెట్టారు, ఏ బెంచ్ కొట్టేసింది అన్నది ఒక్క నొక్కులో వస్తుంది. పైన చెప్పిన బాల్కో వ్యాఖ్య అలా ఇట్టే దొరుకుతుంది. కోర్టు ముందు నిలబడేవారికి ఇది ప్రాణావసరం.

వెతికే తీరు తెలియకపోతే మాత్రం డేటాబేసు ఉన్నదాన్ని కూడా లేదంటుంది. ఊరి పేరునే తీసుకోండి. సెర్చ్ పెట్టెలో ఇప్పటి స్పెల్లింగులో విశాఖపట్నం అని కొడితే స్వాతంత్ర్యానికి ముందటి తీర్పులు చాలావరకు రావు. ఆ రోజుల్లో ఇంగ్లీషులో వైజాగపటం అని రాసేవారు, భీమునిపట్నాన్ని బిమ్లిపటం అనేవారు. విజయనగరానికైతే ఆఖరి అక్షరాల దగ్గర రెండు మూడు రకాల రాతలున్నాయి. రైతు, జమీందారు, ఇనాందారు అన్న మాటల స్పెల్లింగులూ అంతే. పాత పేజీలను స్కాన్ చేసి అక్షరాలుగా మార్చినప్పుడు దొర్లిన తప్పులు వీటికి అదనం. అందుకే పాత విషయమైతే ఊరి పేరుతో వెతకడం మానేసి చట్టం పేరు, సెక్షన్ నంబరుతో వెతకండి. లేదా ముందు అచ్చు డైజెస్టులో సైటేషన్ పట్టుకుని, దాన్ని డేటాబేసులో కొట్టండి.

కొత్త విషయాల్లోనూ ఇలాంటి చిక్కే ఒకటి వచ్చింది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్), సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. హత్యకు 302 పోయి 103 వచ్చింది, మోసానికి 420 పోయి 318 వచ్చింది. వీటితో పెద్ద గొడవ లేదు. 482 దగ్గరే అసలు చిక్కు. పాత సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టు సహజాధికారం. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిలు. సహజాధికారం 528కి వెళ్లింది. ఒట్టి 482 అని కొడితే రెండూ కలిసిపోయి వస్తాయి. చట్టం పేరు, తేదీల హద్దు పెట్టకుండా ఈ నంబరు మీద వెతకడం మొదలుపెట్టకండి.

హెడ్‌నోట్ గురించి ఒక మాట. ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ డి.బి.మోదక్ కేసులో సుప్రీంకోర్టు, తీర్పు పాఠం మీద ఎవరికీ కాపీరైట్ ఉండదని, సంపాదకులు నైపుణ్యంతో చేర్చిన హెడ్‌నోట్ల వంటివాటి మీద ఉంటుందని తేల్చింది. తీర్పు పేరా ఎంతైనా ఉటంకించండి. హెడ్‌నోట్‌ను తీర్పులోని మాటగా ఉటంకిస్తే అది రెండు విధాలా తప్పు: అవి జడ్జి మాటలు కావు, పైగా ఇంకొకరి సొత్తు.

సముద్ర వాణిజ్యం మీద పనిచేసేవారికి విదేశీ సేకరణ తప్పదు. ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడను 1984లో హైకోర్టు ఆదేశంతో మన విశాఖ పోర్టులోనే అరెస్టు చేశారు. ఆ అధికారం హైకోర్టుకు ఉందా అన్న వివాదం మీద 1992లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఏఐఆర్ 1993 ఎస్‌సీ 1014లో ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే 1840, 1861 నాటి ఇంగ్లండు అడ్మిరాల్టీ (ఓడల వివాదాల) చట్టాలు, 1890 నాటి వలస అడ్మిరాల్టీ కోర్టుల చట్టం చదవాలి. 2017లో మన సొంత అడ్మిరాల్టీ చట్టం వచ్చాక కూడా ఆ పునాది తెలియకుండా థీసిస్ నిలబడదు. ఇలాంటి పనికి హైన్‌ఆన్‌లైన్ చాలా బాగుంటుంది. పాత పేజీలను ఉన్నవి ఉన్నట్టు బొమ్మలుగా చూపిస్తుంది కాబట్టి పేజీ నంబర్లతో ఇబ్బంది ఉండదు.

గెజిట్లు, చర్చలు, కమిషన్ నివేదికలు

లైబ్రరీలో అన్నిటికన్నా తక్కువ మంది వెళ్లే వైపు ఇదే. నన్నడిగితే విశాఖ పరిశోధకులకు అన్నిటికన్నా ఎక్కువ దక్కేది కూడా ఇక్కడే.

పాడేరు, అరకు వైపు అందరి నోటా నలిగే "వన్ ఆఫ్ సెవెంటీ" సంగతే చూడండి. మూలం 1917 నాటి ఏజెన్సీ ప్రాంతాల భూ బదలాయింపు చట్టం. దాని తర్వాత 1959 నాటి 1వ నంబరు రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని సవరిస్తూ వచ్చిందే 1970 నాటి 1వ నంబరు రెగ్యులేషన్, జనం నోట్లో 1/70. 1970కి ముందు నిషేధం గిరిజనులు చేసే బదలాయింపుల మీద ఉండేది. 1970 సవరణతో ఏజెన్సీలో గిరిజనేతరులు మరో గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లకుండా పోయింది. దాన్ని సుప్రీంకోర్టు 1988లో పి.రామిరెడ్డి కేసులో సమర్థించింది.

ఇప్పుడు మీ చేతికి 1963 నాటి అమ్మకం దస్తావేజు వచ్చిందనుకుందాం. బజారులో దొరికే బేర్ యాక్ట్ (ఒట్టి చట్టపాఠం పుస్తకం)లో గానీ వెబ్‌సైట్‌లో గానీ ఉన్నది సవరణలన్నీ కలిపేసిన పాఠం. 1963లో చట్టం ఎలా ఉందో అది చెప్పదు. ఆనాటి పాఠం కావాలంటే 1959 గెజిట్ తీయాలి, లేదా 1960లలో అచ్చయిన చట్టాల సంపుటం పట్టుకోవాలి. సవరణల జాబితా ముందేసుకుని వెనక్కి విప్పుకుంటూ వెళ్లడమూ ఒక దారే గానీ అందులో పొరపాటు దొర్లితే కేసే పోతుంది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం, దానికి ముందున్న 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ యాక్ట్ విషయంలోనూ ఇదే పద్ధతి. 1953కు ముందు మద్రాసు ప్రభుత్వ ప్రకటనలు ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్‌లో ఉంటాయి. అవి ఇక్కడ దొరక్కపోతే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ దాకా వెళ్లాల్సి రావచ్చు.

చట్టం ఎందుకు వచ్చిందో తెలియాలంటే చర్చలు చదవాలి. రాజ్యాంగ సభ చర్చలు 1946 డిసెంబరు 9న మొదలై 12 సంపుటాలుగా ఉన్నాయి. గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే అయిదో షెడ్యూల్ మీద చర్చ 1949 సెప్టెంబరు 5న జరిగింది. సమత తీర్పు చదివేముందు ఆ రోజు చర్చ చదివితే జడ్జీలు ఎవరి మాటలతో వాదిస్తున్నారో అర్థమవుతుంది. లా కమిషన్ నివేదికలూ ఈ వైపే ఉంటాయి. ఉరిశిక్ష మీద రాసేవారు 2015 నాటి 262వ నివేదికను పక్కన పెట్టి రాయలేరు.

ఇక్కడి కష్టం చెప్పకపోతే అన్యాయం. గెజిట్‌కు సూచిక సరిగ్గా ఉండదు. తేదీ, జీవో నంబరు తెలియకుండా వెళ్తే ఒక పూట గడిచిపోయినా ఒక్క కాగితం చేతికి రాకపోవచ్చు. తీర్పులో గానీ చట్టం అడుగు గమనికలో గానీ ఆ తేదీ ముందే పట్టుకుని వెళ్లండి. ఫలానా సర్వే నంబరు ఎవరిదో చెప్పే రెవెన్యూ రికార్డులు లా లైబ్రరీలో ఉండవు. వాటికి తహసీల్దారు ఆఫీసుకో కలెక్టరేటుకో వెళ్లాల్సిందే.

జర్నల్స్, థీసిస్‌లు

2025 జనవరి 1న మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకంతో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 ఈ-జర్నల్స్ అందుబాటులోకి వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ ప్రచురణలు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్, సేజ్ అందులో ఉన్నాయి కాబట్టి లా విద్యార్థులకూ లాభమే. ఆంధ్ర విశ్వవిద్యాలయం, దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ప్రభుత్వ సంస్థలు. ప్రైవేటు, డీమ్డ్ సంస్థల్లో చదివేవారికి వారి కాలేజీ సొంతంగా కట్టే చందాలే ఆధారం. తీర్పుల డేటాబేసులు ఈ పథకంలోకి రావు, వాటికి వేరే చందా కట్టాలి.

పాత థీసిస్‌లు శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. వాటిలో చివరి పేజీల్లోని గ్రంథసూచి ముందు చూడండి. మీ విషయం మీద ఇదివరకే ఎవరు ఏం చదివారో ఒక చోట దొరుకుతుంది. చాప్టర్లు ఎత్తి రాసుకునే ఆలోచన మాత్రం వద్దు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాటితే చర్య తప్పదు.

ఉచితంగా దొరికేవి

ఇండియన్ కానూన్ చదువుకోవడానికి బాగుంటుంది, అది 2008 నుంచి ఉంది. చట్టాల పాఠానికి ఇండియా కోడ్. సుప్రీంకోర్టు 2023 జనవరిలో ప్రారంభించిన ఈ-ఎస్‌సీఆర్‌లో 1950 నుంచి అధికారిక రిపోర్టు ప్రతులు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. చందా స్తోమత లేని జూనియర్ లాయర్లకు ఇది నిజంగా పెద్ద అండ. తెలుగు అనువాదాలూ పెడుతున్నారు. విషయం అర్థం చేసుకోవడానికి, కక్షిదారుకు వివరించడానికి అవి పనికొస్తాయి. కోర్టులో మాత్రం ఇంగ్లీషు ప్రతే ప్రమాణం.

| సేకరణ | బలం | ఇబ్బంది | ఎవరికి ముందుగా |
|---|---|---|---|
| బైండు రిపోర్టులు | పాత తీర్పులు, భిన్న తీర్పులు, డైజెస్టులు | తర్వాతి పరిణామాలు తెలియవు, ఇంటికి ఇవ్వరు | భూమి కేసులు, న్యాయ చరిత్ర |
| డేటాబేసులు | తీర్పు ఇంకా నిలిచి ఉందో లేదో చెప్తాయి | లాగిన్ కావాలి, పాత స్పెల్లింగుల చిక్కు | మూట్ (విద్యార్థుల నమూనా కోర్టు పోటీ), ప్రాక్టీసు, కొత్త చట్టాలు |
| ప్రభుత్వ పత్రాలు | ఆనాటి చట్టపాఠం, చట్టం వెనుక ఉద్దేశం | సూచిక ఉండదు, ఓపిక కావాలి | ఏజెన్సీ, ఎస్టేటు, రాజ్యాంగ పరిశోధన |
| జర్నల్స్, థీసిస్‌లు | వాదన, విమర్శ, గ్రంథసూచి | ఏది అందుతుందో సంస్థను బట్టి మారుతుంది | ఎల్‌ఎల్‌ఎం, పీహెచ్‌డీ |
| ఉచిత సైట్లు | ఖర్చు లేదు, ఎక్కడైనా చూడొచ్చు | హెడ్‌నోట్లు, వ్యాఖ్యానం తక్కువ | అందరికీ తొలి చూపుకు |

ఏ లైబ్రరీకి వెళ్లాలి

ఊళ్లోనే ఉన్నవారికి ఆంధ్ర విశ్వవిద్యాలయం దగ్గర. డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ న్యాయ కళాశాల, వి.ఎస్.కృష్ణా కేంద్ర గ్రంథాలయం ఒకే విశ్వవిద్యాలయంలో ఉండటం పెద్ద సౌలభ్యం. భూమి మీదో గిరిజన హక్కుల మీదో రాసేవారికి చరిత్ర, మానవశాస్త్రం, ఆర్థికశాస్త్రం పుస్తకాలూ కావాలి. 1926లో పుట్టిన విశ్వవిద్యాలయం కావడంతో ఆ ఇతర శాఖల సేకరణ తోడుగా ఉంటుంది. సబ్బవరం న్యాయప్రస్థలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2008 చట్టంతో ఏర్పడింది, పూర్తిగా న్యాయశాస్త్రానికే అంకితమైనది. కొత్త చట్టాలు, అంతర్జాతీయ న్యాయం, మూట్ పనికి అలాంటి వాతావరణం బాగా కలిసొస్తుంది. ఊరి నుంచి రానుపోను సమయం లెక్కేసుకుని ఒక రోజంతా కేటాయించుకోండి. రుషికొండలోని గీతం వంటి సంస్థల విద్యార్థులు ముందు సొంత లైబ్రరీలో ఏయే చందాలున్నాయో జాబితా అడిగి తీసుకోవడం మంచిది.

బయటివారిగా వెళ్లాలంటే ఎక్కడైనా సాధారణంగా మీ సంస్థ అధిపతి లేదా సీనియర్ లాయరు సంతకం ఉన్న లేఖ అడుగుతారు. లేఖలో మీ టాపిక్ ఒక్కటే రాయించుకోకండి. ఏ సిరీస్, ఏ సంవత్సరాలు కావాలో కూడా రాయించండి. అనుమతి దొరికినా అది అరల వరకే ఉండొచ్చు. డేటాబేసుల లైసెన్సు చాలాసార్లు నమోదైన విద్యార్థులకు, అధ్యాపకులకే పరిమితమవుతుంది. స్నేహితుడి లాగిన్ వాడుకోవడం వద్దు, దానివల్ల మొత్తం సంస్థకే ఇబ్బంది రావచ్చు.

మీరు ఎవరైతే ఏది

మూట్ కోర్టు టీమ్ అయితే డేటాబేసుతో మొదలుపెట్టి దాంతోనే ముగించవచ్చు. సమయం తక్కువ, ప్రశ్న ముందే ఇచ్చేస్తారు. కీలకమైన నాలుగైదు తీర్పులు మాత్రం ఈ-ఎస్‌సీఆర్‌లో పూర్తిగా చదవండి, భిన్న తీర్పుతో సహా.

ఎల్‌ఎల్‌ఎం విద్యార్థికి శోధ్‌గంగ, జర్నల్స్ ముందు, తీర్పులు తర్వాత. ప్రశ్న రూపు కట్టకముందే తీర్పులు పోగేసుకుంటే వందల పీడీఎఫ్‌లు మిగులుతాయి, వాదన మిగలదు. టాపిక్ స్థానికమైతే ప్రభుత్వ పత్రాల వైపు కనీసం ఒక చాప్టరుకు సరిపడా పని పెట్టుకోండి. మీ థీసిస్‌లో కొత్తదనం ఉండేది ఆ చాప్టరులోనే.

పీహెచ్‌డీ స్కాలరుకు అన్నీ కావాలి గానీ వరుస తిరగబడాలి. గెజిట్, చర్చలు, పాత రిపోర్టులు, ఆ తర్వాతే డేటాబేసు. అయిదేళ్ల పనిలో మొదటి ఏడాది అరల మధ్య గడిపినవారికి మిగతా నాలుగేళ్లూ తేలికవుతాయి.

జూనియర్ లాయరుకు రోజువారీ పనికి ఈ-ఎస్‌సీఆర్, సీనియర్ ఆఫీసులో ఉన్న డేటాబేసు చాలు. సివిల్ వైపు భూమి దావాలు చూస్తుంటే ఏఐఆర్ మద్రాస్, ఎంఎల్‌జే పాత సంపుటాలు ఊళ్లో ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక జాబితా రాసి పెట్టుకోండి. కేసు పోస్టింగుకు ముందు రోజు సాయంత్రం అవి వెతుక్కోవడం నరకం.

ఏజెన్సీలో పనిచేసే కార్యకర్తలు, విలేకరులు సమత, రామిరెడ్డి తీర్పులతో పాటు 2020 ఏప్రిల్‌లో జీవో 3ను కొట్టేసిన చేబ్రోలు లీలాప్రసాదరావు తీర్పు కూడా తమ దగ్గర పెట్టుకోవాలి. ఏజెన్సీ పాఠశాలల్లో టీచరు పోస్టులు 100 శాతం స్థానిక గిరిజనులకే ఇవ్వడం చెల్లదని అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి. లైబ్రరీకి వెళ్లాల్సింది 1917, 1959, 1970 పాఠాల కోసం. ఆ మూడింటి మొదటి పేజీ, తేదీ ఉన్న పేజీ, నిషేధం ఉన్న సెక్షన్ జిరాక్స్ తీయించుకుని ఒక ఫైల్లో పెట్టుకోండి. సొంత పరిశోధన కోసం ఆ కాస్త నకలు తీసుకోవడానికి కాపీరైట్ చట్టం అడ్డు చెప్పదు. ప్రతి జిరాక్స్ వెనుక ఏ సంపుటం, ఏ పేజీ, ఏ లైబ్రరీ అన్నది అక్కడికక్కడే పెన్సిల్‌తో రాసుకోండి.